ప్రసన్న ఇచ్చుకున్న సంజాయిషీ

పెళ్ళయిన కొత్తలో ప్రసన్నకు మొగుడితో మాట్లాడే వేళే దొరికేది కాదు. మోహిత్ ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు మనిషి. ఒక వారం ఏ షిఫ్టు, ఇంకో వారం బీ, ఆ తర్వాత సీ. సెలవు కూడా ఫలానా రోజని కట్టుబడి ఉండదు, జరిగిపోతూనే ఉంటుంది. ఆమె సాక్చీలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. ఆమె ఇంట్లో అడుగుపెట్టే వేళకు అతను సైకిలు ఎక్కుతూ ఉండేవాడు. జంషెడ్‌పూర్‌లో ఇదేం విడ్డూరం కాదు, సగం ఊరు ఇలాగే కాపురం చేస్తుంది. విడ్డూరమల్లా ప్రసన్న దీన్ని ఓర్చుకోకపోవడం. ఓర్పు ఆడవాళ్ళకు అలంకారమని రాసినవాళ్ళెవరికీ షిఫ్టుల్లో తిరిగే మొగుడు ఉండి ఉండడు.

ఆమె ఫోనులో నడిచే చిన్న ప్రోగ్రాము రాసింది. ఇద్దరి షిఫ్టులూ ఒకసారి చెబితే చాలు, ఏడాది పొడుగునా లెక్కగట్టి, ఇద్దరూ ఇంట్లో ఉండే పూటలను పసుపు రంగులో చూపిస్తుంది. "పాళీ" అని, అక్కడివాళ్ళు షిఫ్టును పిలిచే మాటనే పేరుగా పెట్టి 2018లో అందరికీ వదిలింది. ముందు మోహిత్ తోటివాళ్ళు వాడారు, తర్వాత గోవింద్‌పూర్ లారీల ఫ్యాక్టరీవాళ్ళు వాడారు. మూడో ఏడాదికి, ఎలా తెలిసిందో ఏమో, అమెరికాలో నర్సులు మొదలుపెట్టారు. మన ఊరివాళ్ళు ఉచితంగా వాడుకునేవారు, ఆ నర్సులు నెలనెలా చందా కట్టేవారు. "నా భర్తతో కలిసి భోంచేసే రోజు ముందే తెలుస్తోంది" అని వాళ్ళలో ఒకామె రాసిన ఉత్తరాన్ని ప్రసన్న మోహిత్‌కు చదివి వినిపించింది. కంప్యూటర్ సెంటర్ మానేసి, పర్సుడీహ్‌లో తండ్రి ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుంది. ఆమె బతుకులో తనకంటూ చేసుకున్న వస్తువు పాళీ ఒక్కటే.

2023 వేసవిలో నోటీసు వచ్చింది. షిఫ్టుల వరసను లెక్కగట్టి రంగుల్లో చూపించే ఉపాయం మీద తమకు పేటెంటు ఉందని, ఇన్నాళ్ళూ ఆమె దాన్ని అనుమతి లేకుండా వాడుకుందని, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలని ఒక అమెరికా కంపెనీ రాసింది. ఆ కంపెనీ ఏ వస్తువూ తయారు చెయ్యదు. ఎవరో ఎప్పుడో తీసుకున్న పాత పేటెంట్లను మూటగా కొని, వాటిని చూపించి చిన్నవాళ్ళను బెదిరించి బతుకుతుంది. ఇలాంటివాళ్ళను అక్కడ పేటెంట్ ట్రోల్ అంటారు. మన దగ్గర దుర్గాపూజల ముందు రోడ్డుకు వెదురుబొంగు అడ్డం పెట్టి లారీలాపే చందా కుర్రాళ్ళ లాంటి వాళ్ళే. కాకపోతే ఆ కుర్రాళ్ళు కనీసం పందిరి వేస్తారు.

ఈ సంగతులన్నీ ప్రసన్నకు తర్వాత తెలిశాయి. ఆ రోజు మాత్రం ఇంట్లో ఉన్నది తండ్రి ఆదిబాబు.

ఆదిబాబు టాటానగర్ రైల్వే షెడ్డులో ఖలాసీగా చేరి ఫిట్టరుగా రిటైరయ్యాడు. చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఎవరికి మెమో వచ్చినా ఆ కాగితం పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన సంజాయిషీ రాయించడంలో దిట్ట.

"ఏటమ్మీ, అలగ కూకుండిపోనావు?"

"అమెరికా నుంచి నోటీసు నాన్నా. వాళ్ళ ఉపాయం దొంగిలించానంట."

"దొంగిలించినావా?"

"లేదు."

"మరేటి బెంగ! ఎన్నాళ్ళలో జవాబన్నాడు? నెల్లాళ్ళా? మా ఆపీసరు సాయెబులు వారమే ఇచ్చీవోరు. షోకాజు నోటీసే ఇది. కూకో, నాను సెప్తాను, నువ్వు రాయి. తెలీక సేసినాను. పలానా రోజు నించి సేత్తన్నాను. ఇదే మొదటి తప్పు, దయుంచి మాఫీ సెయ్యండి. అంతే."

"చెయ్యని తప్పు ఒప్పుకోవడమేటి?"

"ఓసి పిచ్చి మొకమా, తప్పు నేదన్నోడి మీద సాయెబుకి కోపమొత్తాది. తప్పయిందన్నోడి మీద జాలొత్తాది. పద్నాలుగు మెమోలు దాటినాను, ఒక్క ఇంక్రిమెంటు పోనేదు."

బీ షిఫ్టుకు పోతూ అటుగా వచ్చిన మోహిత్ గుమ్మంలో ఆగాడు. "మావయ్యా, యే రైల్వే నహీ హై."

"రైల్వే కన్నా పెద్దదేటి?" అన్నాడు ఆదిబాబు. మోహిత్ షిఫ్టుకు వేళయిందని సైకిలు ఎక్కాడు.

ప్రసన్న చదువుకున్న మనిషే. కానీ ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు కాగితానికి జవాబివ్వకపోవడమంత పాపం ఇంకొకటి లేదు. జవాబివ్వనివాడి నేరం రుజువైనట్టే అన్నది షెడ్డు నేర్పిన మొదటి పాఠం. వీధి చివరి బంగార్రాజు పొగరుకు పోయి మెమోకు బదులివ్వక ఉద్యోగం పోగొట్టుకున్న సంగతి ఆమె అన్నం ముద్దలతో పాటు విని పెరిగింది. అందుకే తండ్రి చెప్పిన మూడు వాక్యాలనూ చక్కని ఇంగ్లీషులోకి మార్చి, మొదలుపెట్టిన తేదీతో సహా రాసి పంపింది.

జవాబు రెండో రోజే వచ్చింది. నేరం అంగీకరించినందుకు ధన్యవాదాలట. ఇక నుంచి ఒక్కరోజు నడిపినా తెలిసి చేసినట్టే కాబట్టి పరిహారం మూడింతలట. ఆమె సంజాయిషీని జతచేసి యాప్ స్టోరుకు ఫిర్యాదు కూడా పెట్టారు. పదిహేను రోజుల్లో రాజీ చేసుకోకపోతే పాళీని తీసేసి ఆమె ఖాతా మూసేస్తామని స్టోరు నుంచి మెయిలొచ్చింది. దాని కింద మనిషి పేరంటూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది అర్పిత. సిద్ధగోరాలో పెరిగిన పిల్ల, కాలేజీలో ఒకే బెంచీ. ఇప్పుడు కోల్‌కతాలో పేటెంట్ల వకీలు. ఫోనులో అంతా విని మండిపడింది.

"ఎవరే నిన్ను జవాబు రాయమన్నది?"

"రాయకపోతే ఒప్పుకున్నట్టు కాదా?"

"రాసే కదే ఒప్పుకున్నావు! ఇలాంటి ఉత్తరాలు వందల మందికి పడేస్తారు. జంషెడ్‌పూర్‌లో ఉన్నదాని కోసం సముద్రం దాటి రారు, ఖర్చు గిట్టదు. పలకనివాళ్ళను చాలాసార్లు వదిలేస్తారు. పలికినవాళ్ళే వాళ్ళ పంట. నువ్వు తేదీ వేసి మరీ పండించావు."

"పోట్లాడితే?"

"ఆ పేటెంటు కోర్టులో నిలవదనే అనుకుంటున్నాను. కానీ నిలవదని అక్కడ తేల్చేలోపు మీ నాన్న ఇల్లు, దాని కింద నేల, రెండూ పోతాయి."

వాళ్ళు అడిగిన మొత్తం ఆమె ఐదేళ్ళలో సంపాదించినదానికన్నా ఎక్కువ. ఇక మిగిలింది ఒక్కటే దారి. పాళీని ఎత్తేసి, షిఫ్టులు లెక్కగట్టే ప్రోగ్రాము ప్రపంచంలో ఎక్కడా మళ్ళీ రాయనని కాగితం మీద సంతకం పెడితే వదిలేస్తారు. ఆ కాగితం మన దేశంలో చెల్లుతుందా అన్నది అనుమానమేనంది అర్పిత. ప్రసన్నకు ఆ అనుమానాన్ని పరీక్షించే ఓపిక లేదు. సంతకం పెట్టింది. పాళీని తీసేసిన రోజున నర్సుల దగ్గర్నుంచి ఉత్తరాలు వరసగా వచ్చాయి, వచ్చే నెల కనిపించడం లేదేమని అడుగుతూ. ఒక్కదానికీ జవాబివ్వలేదు.

ఆదిబాబు వారం ఆగి అడిగాడు. "ఏటమ్మీ, మాఫీ అయినాదా?"

అయిందని ఒక మాట అంటే ముసలాయన సంతోషించేవాడు. తండ్రుల మనసు నొప్పించకుండా అబద్ధమాడే కూతుళ్ళను అందరూ మెచ్చుకుంటారు. ప్రసన్న నిజమే చెప్పింది. ఆ ఉత్తరమే కొంప ముంచిందని కూడా చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "తప్పు ఒప్పీసుకున్నాక కూడా వొదల్నేదా? ఆ సాయెబు ఎలాటోడే?"

"అక్కడ సాయెబు లేడు నాన్నా."

"సాయెబు నేకపోతే సంతకం ఎవుడెట్టినాడు?"

"మిషను."

ఆ నెల వీధిలోని పైడితల్లి కొడుకు మెమో పట్టుకొస్తే, ఆదిబాబు తనకు కళ్ళు సరిగా ఆనడం లేదు, వేరేవాళ్ళ చేత రాయించుకోమన్నాడు. ప్రసన్న లోపలి గదిలోంచి విన్నది. బయటికి రాలేదు.

ఇప్పుడామె ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తా. నెలకోసారి ముప్ఫై ఎనిమిది మంది నర్సులకు డ్యూటీ చార్టు వెయ్యాలి. పెద్ద కాగితం మీద గళ్ళు గీసుకుని, స్కేలు పెట్టి, పెన్సిలుతో నింపుతుంది. ఒకరు సెలవడిగితే పదకొండు గళ్ళు చెరిపి మళ్ళీ రాయాలి. మూడు రోజులు పడుతుంది.

పక్క కుర్చీలో తనుశ్రీ అని కొత్తగా చేరిన అమ్మాయి. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "దీదీ, మీరు కంప్యూటర్ చదివారట కదా. ఇది ఫోనులో చిటికెలో అయిపోదూ?"

ప్రసన్న కాగితం మీది రబ్బరు పొట్టు ఊది, తల ఎత్తకుండా అంది. "ఆ కొసన పట్టుకో తనూ. గీత వంకర పోతోంది."