మూడు వాటాల పెన్సిలిన్

కోట అనే ఊళ్లో, ఆసుపత్రిలో నేను కాంపౌండరుగా ఉన్న రోజుల్లో, డాక్టరుగారు వారానికి మూడు రోజులు నెల్లూరులో ఉండేవారు. ఆ మూడు రోజులూ ఆయన కుర్చీ ఖాళీగా ఉంచడం మర్యాద కాదనిపించి, నేను కూర్చునేవాణ్ణి. స్టెతస్కోపు మెడలో వేసుకునేవాణ్ణి. దాంట్లో నాకు తెలిసేదేమీ లేకపోయినా, ‘ఊఁ’ అని గంభీరంగా తల ఊపేవాణ్ణి.

అప్పట్లో సూది పడితేనే వైద్యం. అందులోనూ పెన్సిలిన్ పడాలి. ఒక బుడ్డి మందు ఒక మనిషికి ఒక పూటకు సరిపోతుంది. అరుగు మీద ముగ్గురుంటే ఒకరికి వేసి ఇద్దరిని పంపేయడానికి నాకు మనసొప్పేది కాదు. అందుకని ఒక బుడ్డిని ముగ్గురికి సర్దేవాణ్ణి. డాక్టరుగారు ఐదు రోజులు వేయమని రాస్తే, రెండో రోజు జ్వరం తగ్గగానే మానేసి, మిగిలింది ఇంకొకరికి వేసేవాణ్ణి. అందరూ చల్లగా ఉండమని దీవించేవాళ్లు. నా అంత ధర్మాత్ముడు ఆ చుట్టుపక్కల లేడని నా గట్టి నమ్మకం.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క. ఆమెకు చిగుళ్లలో రక్తం కారడం, ఒళ్లంతా నల్లని మచ్చలు రావడం మొదలైంది. నెల్లూరులో చూపిస్తే రక్తంలో కేన్సర్ అన్నారు. క్రిములతో పోరాడే శక్తి ఒంట్లో లేదనీ, చిన్న సెగ్గడ్డ లేచినా వెంటనే తీసుకురమ్మనీ చెప్పి పంపారు. అక్కను మా ఇంటికే తెచ్చుకున్నాను.

నెల తిరక్కుండానే తొడ మీద గడ్డ లేచింది. ఆ పూటే బస్సెక్కించవలసింది.

“నెల్లూరు దాకా ఎందుకక్కా, నేను లేనా?” అన్నాను.

ఈసారి మందు పంచలేదు. పూటకొక నిండు బుడ్డి వేశాను. అయినా నాలుగో రోజుకు గడ్డ అరచేయంత అయింది, ఒళ్లు కాలిపోతోంది. అప్పుడు నెల్లూరు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు చీము తీసి పరీక్షకు పంపి, రెండు రోజుల తర్వాత మంచం దగ్గరికి వచ్చారు.

“ఈ క్రిమి పెన్సిలిన్‌కు లొంగడం లేదు. అరకొరగా మందేస్తే మొండివి మిగిలిపోయి, ఒకరి నుంచి ఒకరికి పాకతాయి. మీ వైపు ఎవరన్నా అట్టా వేస్తున్నారా?”

నేను నా చెప్పుల వైపు చూశాను. అక్క ఓపిక తెచ్చుకుని చెప్పింది.

“మా తమ్ముడే సార్. ఒక బుడ్డి ముగ్గురికి సర్దతాడు. ఎవుర్నీ ఊరికే పంపించడు. శానా మంచి చేయి వాడిది.”

వేరే మందు మొదలుపెట్టారు. అది మొదలుపెట్టిన ఆరో రోజు అక్క పోయింది. ఆ క్రిమి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరన్నారు డాక్టరు. ఆయన మంచివారు. మా ఊరి ఆసుపత్రిలో జనం గడ్డలు కడిగి, అదే చేత్తో ఇంటికొచ్చి అక్కకు కట్టు కట్టింది నేనే. ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజు అరుగు మీద ముగ్గురున్నారు. ఉన్నది ఒక్క బుడ్డి. డాక్టరుగారు చీటీ రాసిన మనిషికి పూర్తిగా వేసి, తక్కిన ఇద్దరినీ ఆయన వచ్చాక రమ్మన్నాను. వాళ్లలో ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

“మీ అక్క పోయినాక నీకు జాలి లేకుండా పోయినాది నాయనా” అనింది.

అవునవ్వా అని, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాను.