గొంతులు వినే దానయ్య పడవ నడిపిన రోజు

నౌపడలో రైలు దిగేసరికి గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. ఉప్పు మళ్ళు కనిపించలేదు. చూపు ఆనినంత మేరా నీళ్ళే. రెండు వేల దశకం తొలినాళ్ళు. తుపాను సహాయానికి వచ్చిన మా ఆర్మీ దళంలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మాది టెక్కలి. సరిహద్దులో కూడా నా గుండె అంతగా కొట్టుకోలేదు. ఇక్కడ మునుగుతున్నవి మా ఊళ్ళు.

కవిటి అవతల, సముద్రానికీ ఉప్పుటేరుకూ మధ్య చిక్కిన పల్లెను చీకటి పడేలోగా ఖాళీ చేయించాలని ఆర్డరు. రబ్బరు పడవ, మోటారు, తాళ్ళు, వైర్‌లెస్ సెట్టు. కూలిన కొబ్బరిచెట్లు దారికి అడ్డం పడి ట్రక్కు ఆగిపోయింది. పడవను భుజాల మీద మోసుకుంటూ పరుగెత్తాం.

ఆఖరి ట్రిప్పులో నీలమ్మ అనే ఆవిడ పడవ ఎక్కనంది.

"మా తమ్ముడు దానయ్య ఇంట్లో ఉన్నాడు బాబూ. ఆణ్ణొదిలి రాను. ఆడికేవో గొంతులు ఇనిపిస్తాయి. టెక్కలి డాక్టరు మందిచ్చాడు. బాగైపోయింది గదా అని ఆడే మానేశాడు."

దానయ్యకు ముప్పై ఏళ్ళుంటాయి. నడుం లోతు నీళ్ళలో, దూలం పట్టుకుని నిలబడ్డాడు. మా యూనిఫారాలు చూడగానే కేక పెట్టాడు.

సెట్టులో కమాండర్ గొంతు: "నీరు పెరుగుతోంది. వెంటనే బయల్దేరండి."

"కట్టేసి ఎత్తుకొద్దాం," అన్నాడు హవల్దారు.

నీలమ్మ మాటలు నేను హిందీలో చెప్పగా విన్న మా నర్సింగ్ అసిస్టెంటు అడ్డుపడ్డాడు. "వద్దు సార్. ఇది స్కిజోఫ్రీనియా. ఆ గొంతులు మనకు వినపడవు, అతనికి నిజంగానే వినపడతాయి. కట్టేస్తే ఆ భయమే నిజమనుకుంటాడు. వాదించొద్దు, అబద్ధం చెప్పొద్దు. మాట్లాడండి."

నేను షర్టు విప్పి పడవలో పడేసి గుమ్మంలోకి వెళ్ళాను.

"బావా, నాకేటీ ఇనపడ్డం లేదు. నీకు ఏటంటన్నాయి?"

అతను నా వైపు తేరిపార చూశాడు. "ఎల్లొద్దంటన్నాయి. మీరు నన్ను ముంచేత్తారంట."

"నీకు ఈత వచ్చా?"

"గంగపుత్రుణ్ణి, నన్నడుగుతావేటి?"

"నాది అంతంతమాత్రం బావా. ఈ ఏరు నాకు తెల్దు. నువ్వొస్తే నాకు ధైర్యం."

అబద్ధం కాదది. నీటి వడి లాగేస్తుంటే గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. అతని చూపు నా చేతుల మీద పడింది. దూలం వదిలి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అడుగు సూసి ఎయ్యి," అన్నాడు.

ఏరు మధ్యకు వచ్చేసరికి మోటారుకు తెగిన వల చుట్టుకుంది. పడవ గిర్రున తిరిగి సముద్రం వైపు కొట్టుకుపోసాగింది. హవల్దారు తెడ్డు అందుకునేలోపే దానయ్య దాన్ని లాక్కున్నాడు. "అటు కాదు, తోట వారన పోవాల! అక్కడ నీటి వడి తక్కువ!" మేమంతా అతను చూపించిన వైపుకు పడవ వెళ్ళేలా చేతులతోనే నీళ్ళు తోశాం. జీడిచెట్ల కొమ్మలు చేతికి అందగానే అందరం ఒక్కసారి అరిచాం. హవల్దారు దానయ్యను కావలించుకుని గాల్లోకి ఎత్తేశాడు.

వారం ఉన్నాం. దారులు తెరుచుకోగానే అక్కాతమ్ముళ్ళను మా ట్రక్కులోనే టెక్కలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మందు మళ్ళీ మొదలైంది.

వీడ్కోలప్పుడు నీలమ్మ అంది: "నాలుగేళ్ళుగా ఏ పడవోళ్ళూ ఆణ్ణి ఎక్కించుకోలేదు బాబూ. పిచ్చోడనేవోళ్ళు. నిన్న ఒకాయనొచ్చి, సేపల ఏటకొత్తావా అనడిగాడు." చెబుతూనే ఏడ్చేసింది, నవ్వేసింది.

తర్వాత ఒకసారి సెలవులో వెళ్ళి కలిశాను. గొంతులు పూర్తిగా పోలేదట, తగ్గాయట. మందుకు నిద్ర ముంచుకొచ్చే రోజుల్లో ఒడ్డునే ఉండి వలలు బాగుచేస్తున్నాడు. మిగతా రోజులు వేటకు వెళ్తున్నాడు.

యూనిట్‌కు తిరిగి వెళ్ళాను. ఇంకా చాలా చోట్ల పనిచేశాను, రిటైరయ్యాను. ఒక్క దృశ్యం మాత్రం నన్ను వదల్లేదు. నడి ఏట్లో వాన ముఖాన కొడుతుంటే, దానయ్య తెడ్డు వేస్తూనే పక్కకు తిరిగి, మాకెవరికీ కనపడని వాళ్ళను గట్టిగా కసురుకుంటున్నాడు:

"ఉండండెహె! తర్వాత ఇంటాను. ఇప్పుడు పనిలో ఉన్నాను!"