చేతులు దాచుకుని చూసిన ఎలుగుబంటి

ఇది ఎలుగెత్తి చెప్పుకునే సంగతి కాదు. కానీ ఎలుగుబంటి సంగతి కాబట్టి, ఎంత మెల్లగా చెప్పినా ఎలుగు బయటపడక మానదు. గుంతకల్లులో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి నేను. జ్వరం ఎందుకు వస్తుందో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పేవాణ్ణి. అటువంటి నేను, డెబ్భైల చివర్లో, నాలుగేళ్ల మా అమ్మాయి వీధికుక్కను చూసి దడుచుకుని మూడు రోజులు జ్వరంతో పడుకుంటే, వీధిలో ఎలుగుబంటిని ఆడించుకుంటూ పోయే మనిషిని కేకేసి ఇంటి ముందుకు పిలిచాను. ఆడవాళ్ల పోరు పడలేక పిలిచానని రాయాలని ఉంది గానీ, మా ఆవిడ వద్దనే అంది.

దడుపుకు తాయెత్తులో పెట్టే వెంట్రుక తండ్రి చేత్తో పీకితేనే గుణం అన్నాడు ఆ మనిషి. పీకాను. ఎడమ చెవి కొస చిరిగిన ఎలుగు అది. ఆ చెవి వెనకే పట్టుకుని లాగాను. ఒక్కటి అనుకుంటే చిటికెడు ఊడివచ్చింది. అది పెద్దగా అరవలేదు. ముక్కులోంచి దూర్చిన తాడు అరవనివ్వదు కాబోలు. మెడ తిప్పి చూసింది. నా ముఖం వైపు కాదు, నా చేతివైపు.

తాయెత్తు కట్టాం. డాక్టరిచ్చిన మందూ వేశాం. మర్నాటికి జ్వరం తగ్గింది. ఘనత ఎవరిదో నేను తేల్చలేదు. కానీ స్కూలు వార్షికోత్సవానికి మా అమ్మాయి ఆ తాయెత్తుతోనే వచ్చింది, అది మా హెడ్మాస్టరు కంట్లో పడింది. ఆ రోజు నుంచి స్టాఫ్ రూములో నా పేరు తాయెత్తు సారు. ఏడేళ్లు ఆ పేరు మోశాను. తాయెత్తు తాడు మూడు నెలలకే తెగిపోయింది, పేరు మాత్రం తెగలేదు.

ఈ ఉగాది వెళ్లిన శనివారం హెడ్మాస్టరు నన్ను ల్యాబులోకి పిలిచి, తలుపు దగ్గరికి వేశాడు. మనవడు మూడు రోజులుగా నిద్రలో ఉలిక్కిపడుతున్నాడట, ఒళ్లు కాలుతోందట. డాక్టరుకు చూపించారా అంటే చూపిస్తాంలే అన్నాడు. అసలు సంగతి తర్వాత మెల్లగా బయటపెట్టాడు.

"ఎమ్మిగనూరు రోడ్డులో పాత జిన్నింగు మిల్లుంది గదప్పా, ఆడ ఎవురో ముసిలాయన జంతువుల్ని సాకుతాండాడంట. ఎడమ సెవి సిరిగిన ఎలుగుంది. దాని ఎంటికకు మంచి గుణమంట. నీకైతే అలవాటుంది గదా."

చివరి మాటకు ఉడుక్కోవలసింది. కానీ నా చెవి ఆ ‘ఎడమ సెవి’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. రేపే పోతానన్నాను.

ఆదివారం పొద్దున ఆరుంబావు ప్యాసింజరెక్కాను. చేతిసంచిలో సజ్జపిండి, బెల్లం అచ్చు, నీళ్లసీసా. రాయచూరు వైపు పోయే ఈ బండి ప్రతి స్టేషనునూ పేరు పేరునా పలకరిస్తుంది, తొందరున్నవాళ్లు ఎక్కకండి. ఆస్పరిలో ఒక మనిషి ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. కుడి కన్ను వాచి మూసుకుపోయింది, నుదుటి నిండా విభూది. అడగకుండానే చెప్పాడు, కైరుప్పల మనిషినని. ఉగాది మర్నాడు అక్కడ ఊరు రెండు పక్షాలై పిడకలతో కొట్టుకుంటుంది. ఈయన ఆ పోరులో ముందువరసలో ఉన్నాడట. దెబ్బలకు గుడి విభూది పూసుకుంటే మానిపోతుందన్నాడు.

మరి ఆదోనికి ఎందుకు పోతున్నావని అడిగాను.

"కండ్ల డాక్టరుకు సూపించేకి," అన్నాడు తొణక్కుండా. "ఈబూదికి మానతాది సారూ, మానదని కాదు. డాక్టరు గూడా ఒక సెయ్యి ఏస్తే పోయేదేముంది?"

ఇంత మంచివాడికి దాచడమెందుకని నా కథంతా చెప్పాను. ఆయన ఒంటికన్నుతో నన్ను ఎగాదిగా చూశాడు. "మేము కొట్టుకుంటాము సారూ, అవతలోడు గూడా పిడక పట్టుకోనుంటాడు. నువ్వు పీకినప్పుడు దాని సేతిలో ఏముండె?" అన్నాడు. ఆదోని వచ్చేదాకా కిటికీలోంచి పత్తికట్టెలు పీకేసిన నల్లచేలు చూస్తూ కూర్చున్నాను. ఆ చేలలోనూ పీకడమే కనపడింది నాకు.

ఎనిమిది దాటాక ఆదోనిలో దిగాను. స్టేషను నుంచి బస్టాండుకు జట్కా ఉంది, నడిస్తే ఆకలి అవుతుంది. నడవండి. బస్టాండు పక్కన రేకుల షెడ్డులో తాలింపు వేసిన బొరుగుల ఉగ్గాని, వేడివేడి మిరపకాయ బజ్జి. రెండో ప్లేటు వద్దనుకుంటూనే తిన్నాను. తర్వాత సందులో తుంగభద్ర ఇసుకలో పండిన పుచ్చకాయలు రాసి పోసి ఉంటే రెండు ఏరుకున్నాను. ఇక్కడ వాటిని కళింగర కాయలంటారు. ఒక్కొక్కటి ఆరునెలల పిల్లవాడంత ఉంది. బస్సులో రెండూ పక్కసీటులో పెట్టుకుంటే కండక్టరు వచ్చి వాటిని తట్టి చూశాడు.

"సారూ, పిల్లోల్లను ఒళ్లో కూసోబెట్టుకో. ల్యాకుంటే ఇద్దరికీ అర టికెట్టు కొట్టాల్సొస్తాది."

ఒళ్లో పెట్టుకున్నాను. ఎమ్మిగనూరు రెండు మైళ్లుందనగా ఆయనే బస్సాపి, పిల్లలిద్దరినీ ఒక్కొక్కటిగా దించి నా చేతికిచ్చాడు. మీరు వెళ్తే పాత జిన్నింగు మిల్లని చెప్పండి చాలు, అందరికీ తెలుసు.

గేటు దగ్గర ఒక పెద్దావిడ కట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఉరుకుందమ్మ అని తర్వాత తెలిసింది. ఆమె భర్త గిడ్డయ్య పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. ఫారెస్టు వాళ్లు పట్టుకున్నవీ, సర్కసువాళ్లు వదిలేసిపోయినవీ ఒక్కొక్కటే వీళ్ల గుమ్మం చేరాయి. పత్తి ఆరబోసుకునే కళ్లంలో ఇప్పుడు మోకాలు విరిగిన సర్కసు ఒంటె నెమరు వేస్తోంది. గింజల గదిలో, రైల్లో మూటగట్టి తరలిస్తుంటే దొరికిన నక్షత్ర తాబేళ్లు. బావిలో పడితే తీసిన దుమ్ములగొండి ఒకటి మూల నుంచి మమ్మల్ని అనుమానంగా చూసింది. పంచవన్నెల విదేశీ చిలుకకు మలయాళం తప్ప ఇంకో భాష రాదు. ఎమ్మిగనూరు దగ్గర కన్నడం వచ్చినా ఎలాగో నెట్టుకురావచ్చు, పాపం మలయాళంతో ఏం చేస్తుంది.

ఉరుకుందమ్మ నా చేతుల్లోని కాయలను చూసి సంతోషించలేదు. "ఎంటిక కోసమా?" అంది.

అవునూ కాదూ అన్నట్టు తలాడించాను. ఆమె లోపలికి చూపించింది. పత్తి బేళ్లు కట్టే పాత ప్రెస్సు గదికి ఇనుపకమ్మీలు వేసి ఎలుగుకు ఇల్లు చేశారు. ముందు చిన్న ఆవరణ, వెనక చీకటి గది. ఆవరణలో ఎవరూ లేరు. గిడ్డయ్య చెప్పుకొచ్చాడు. ఎలుగును ఆడించే మనిషి ముసలివాడై నడవలేక, ఏడుస్తూ తానే తెచ్చి అప్పజెప్పి పోయాడట. వీళ్లు దాన్ని పెద్దాయన అంటారు. ముక్కుతాడు తీసేశారు, పుండు మానింది. ఇక సుఖపడుతుందనుకుంటే, సంగతి చుట్టుపక్కల పాకింది. ఆదివారం వస్తే కోడుమూరు నుంచి కూడా పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లే. సజ్జలు తెస్తారు, రాగులు తెస్తారు, పండ్లు తెస్తారు. ఇన్ని నోళ్లూ బతుకుతున్నది ఆ తెచ్చేవాటితోనే. కానీ ఊరికే తేరు. కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి ఒక్క వెంట్రుక పీక్కుని పోతారు. చూసుకునేలోగా అయిపోతుంది. చెవుల వెనక, వీపు మీద బోడి మచ్చలు పడి, చీము పట్టింది.

"ఉగాది నాడు శానా మంది వచ్చిరి. ఆ పొద్దు లోపలికి పోయినోడు మల్ల బయటికి రాల్యా," అన్నాడు గిడ్డయ్య. "మూడు దినాలు ఏమీ తినల్యా సారూ. మందు తిండిలో కలిపి పెట్టాల. తిండే ముట్టకుంటే మందు యాడ పోతాది? సెయ్యి కనపడితే సాలు, గోడకు ఒదుక్కుంటాండాడు. ఇట్లే ఇంగ రెండు దినాలుంటే నాకు దక్కడు."

కమ్మీలకు ముఖం ఆనించి చూశాను. చీకట్లో ముందు కళ్లు, తర్వాత చెవి కనపడ్డాయి. ఎడమ చెవి కొస చిరిగి ఉంది.

ఈ పీకుడు మొదలుపెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణని ఇద్దరికీ చెప్పేశాను. తిడతారనుకున్నాను. గిడ్డయ్య తల వంచుకున్నాడు. ఉరుకుందమ్మ లోపలికి పోయి గిడ్డయ్య నల్లగొంగడి తెచ్చి నా ఎదుట పడేసింది. గొర్రెబొచ్చు గొంగడి, మోటుది, బరువైనది.

"కప్పుకోని కూసో. సేతులు సంకల్లో పెట్టుకో. బయటికి తీసినావంటే సూడు," అని కట్టె చూపించింది.

ఉగాది ఎండలో, మిట్టమధ్యాహ్నం, గొంగడి కప్పుకుని, చేతులు చంకల్లో దాచుకుని కమ్మీల ముందు కూర్చున్నాను. మా విద్యార్థులెవరైనా చూసి ఉంటే ఏది ఎలుగో తేల్చుకోలేకపోయేవారు. ఆమె పుచ్చకాయను రెండు ముక్కలు చేసి, మందు లోపల కూరి, నా కాళ్ల దగ్గర పెట్టింది. కాలితో నెట్టమంది. కమ్మీల కింద సందులోంచి నెట్టాను. గుజ్జులోంచి నీళ్లు కారి నేల మీద గీత పడింది.

పావుగంట గడిచింది. చెమట కళ్లలోకి కారినా తుడుచుకునేందుకు చేతులు లేవు. అరగంటకు లోపల కదలిక. పెద్దాయన గుమ్మం దాకా వచ్చి ఆగాడు. నన్ను చూశాడు. ముఖాన్ని కాదు. చేతులుండవలసిన చోట చూశాడు, అక్కడ ఒట్టి గొంగడి. ఇంకో నాలుగు అడుగులు వేసి, పుచ్చకాయ ముందు కూలబడి, గోళ్లతో గుజ్జు తోడుకుని జుర్రసాగాడు. ఆడించేవాడు పళ్లు ఎప్పుడో పీకేశాడు కాబట్టి ఆ జుర్రడం వీధి చివరికి వినపడేంత చప్పుడు. నా జన్మలో అంత మంచి చప్పుడు వినలేదు. గిడ్డయ్య గోడవైపు తిరిగి పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. రెండో ముక్కా నెట్టాను, అదీ అయిపోయింది. మందంతా కడుపులోకి పోయింది.

లేచి నిలబడబోతే కాళ్లు తిమ్మిరెక్కి గొంగడి జారి కమ్మీల పక్కన పడింది. పెద్దాయన గోరు పెట్టి దాన్ని లోపలికి లాక్కున్నాడు. వాసన చూశాడు. గుండ్రంగా సర్దుకుని దాని మీద పడుకున్నాడు. ఒక అంచు మాత్రం కమ్మీల బయట మిగిలింది.

"నా గొంగడప్పా," అన్నాడు గిడ్డయ్య నీరసంగా.

ఇంతలో ఆదోని నుంచి ఒక కుటుంబం వచ్చింది. సంచెడు రాగులు, చంకలో ఏడుస్తున్న పాప. వాళ్లు నోరు తెరవకముందే ఉరుకుందమ్మ గొంగడి అంచులోంచి ఒక నల్లపోగు లాగి ఆ తల్లి చేతిలో పెట్టింది. "పెద్దాయన పండుకునే గొంగడి పోగు ఇది. ఎంటిక కంటే దీనికే గుణం. పాపను డాక్టరుకు గూడా సూపీయండి," అంది. వాళ్లు పోగును కళ్లకద్దుకుని, రాగులు దింపి, సంతోషంగా వెళ్లారు. ఎవరి చెయ్యీ కమ్మీలు దాటలేదు.

గిడ్డయ్యకు మాత్రం మనసు ఒప్పలేదు. అబద్ధం గదా అని నసిగాడు. ఉరుకుందమ్మ నావైపు తిరిగింది.

"సారూ, నువ్వు సైన్సు సెప్పేవాడివి. సెప్పు."

నా ఉద్యోగంలో ఇంత ముఖ్యమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. బాగా ఆలోచించే చెప్పాను. "శాస్త్రం ప్రకారం ఎలుగు వెంట్రుకకు ఎంత గుణముందో గొంగడి పోగుకూ అంతే ఉంది. ఒక్క వీసం కూడా తక్కువ కాదు."

ఉరుకుందమ్మ నవ్వింది. అప్పటికి మొదటిసారి. జొన్నరొట్టె, శనగకాయల పొడి, మజ్జిగ పెట్టింది. బతికి ఉన్నంతకాలం ఆ రొట్టె రుచి మరవను. రెండో కాయా, నా సంచిలోని సజ్జపిండీ బెల్లమూ సాయంత్రానికి దాచి, బయలుదేరేముందు నాకూ ఒక పోగు ఇచ్చింది.

మూడు గంటల బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం. కండక్టరు పొద్దుటాయనే. పిల్లలేరీ అని అడిగాడు. అత్తగారింట్లో దించి వస్తున్నానన్నాను. ఆదోనిలో గుంతకల్లు బండి దొరికింది, కిటికీ పక్కన చోటు దొరికింది. పీకిన చేతికి పుచ్చకాయ నెట్టే అవకాశం ఇచ్చిన ఆ ముసలి దంపతులనూ, ఏడేళ్ల తర్వాతైనా నన్ను చూసి తిన్న పెద్దాయననూ తలుచుకుంటే కడుపు నిండినట్టే ఉంది. మీరు వెళ్తే పండ్లు పట్టుకెళ్లండి. చేతులు గేటు బయటే మరిచిపోండి.

ఆస్పరి దాటాక పోగును కాగితంలో మడిచి, ఇంకో కాగితం మీద దానికి పాటించవలసిన నియమాలు గుండ్రటి అక్షరాలతో హెడ్మాస్టరు గారి పేర రాశాను. మొదటిది, రేపు పొద్దున బడి గంట కొట్టకముందే పిల్లవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, లేకపోతే దీనికి గుణం ఉండదు. రెండవది, ఇంటిపెద్ద స్వయంగా ఆరుంబావు ప్యాసింజరులో వెళ్లి ఎలుగుకు పుచ్చకాయ ఇచ్చుకోవాలి. ఇతర ఉపాధ్యాయులను పంపితే చెల్లదు. మూడవది, గొంగడి కప్పుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, కాలితోనే నెట్టాలి.

ఇలా ఎన్ని ఆదివారాలు చేయాలో రాసేచోట మొదట మూడు అని రాశాను. బండి నంచర్లలో ఆగి కదిలింది. స్టాఫ్ రూములో మోసిన పేరు గుర్తొచ్చింది. మూడు కొట్టేసి, ఏడు అని రాశాను.