త్రీ ఫిఫ్టీన్ తన్నిన భుజం

మా మామ సావుల నేను చేసిన పని ఇంటే నన్ను ఈ చాయ్ గూడ తాగనియ్యరు, ముందే చెప్తున్న.

మా గంగారాం మామ మిలట్రీల చేసి అచ్చి, ఈడ్నే నాందేడ్‌ల ఒక బ్యాంకు ముందు తుపాకి పట్టుకొని నిలబడెటోడు. కొడుకులు లేరు. "నన్ను మోసేది నువ్వే సాయిలూ, భుజం గట్టిగ పెంచు" అని నవ్వెటోడు. నాకు గూడ గార్డు నౌకరి పెట్టియ్యాలని ఆయనే తిరిగిండు. ఫైరింగ్ టెస్టుకు పోయేముందు ఒక్కటే మాట చెప్పిండు: "తుపాకి ఎనుక బట్టు భుజానికి అతికియ్యి. సందు ఇయ్యకు. సందిస్తే తంతది!"

పోయిన. ముందుగాల పాయింట్ ట్వంటీటూ, చిన్న తుపాకి ఇచ్చిండ్రు. టప్పుమన్నది, అంతే! ఓస్, ఇంతేనా అనుకున్న. ఆ ధీమాతోటే త్రీ ఫిఫ్టీన్ రైఫిల్ గూడ వదులుగ పట్టిన. టెస్టు పెట్టే ఉస్తాద్ "ఘట్ట ధర్, ఘట్ట!" అని మరాఠీల మొత్తుకుంటనే ఉన్నడు. గట్టిగ పట్టుడేందని నొక్కిన. ధన్! ఎల్లెలుకల పడ్డ. కుడి భుజం వంకాయ రంగుకచ్చింది.

సాయంత్రం మామ ఫోన్ చేసిండు. "ఎట్లుండెరా తుపాకి ధక్కా?"

"ఏం లేదు మామా, దోమ కుట్టినట్టుండె!"

నవ్వి పెట్టేసిండు. తెల్లారేసరికి మామ లేడు. గుండె ఆగిందంట.

ఏడుస్తనే ఉన్న, లోపల ఇంకో భయం. పాడె ఎట్ల మోయాలె? చెప్తే ఇజ్జత్ పోతది, మోయకుంటే మామ మాట పోతది. ఉపాయం చేసి, బొంగు ఎడమ భుజం మీదికచ్చే దిక్కు నిలబడ్డ. గోదారి తొవ్వల దింపుడుకళ్లం దాక బాగనే అచ్చిన. ఆడ పాడె దించి చెవుల పిలుస్తరు గద, పానం ఉంటే లేస్తరని. అత్త వంగి పిలిచింది: "ఇగో... ఇంటున్నవా?" ఉలుకు లేదు, పలుకు లేదు. మళ్ల ఎత్తేటప్పుడు మోసేటోళ్లు దిక్కు మారాలె. నేనది మర్చేపోయిన! మామ తలకాడి బొంగు అచ్చి సక్కగ కుడి భుజం మీద పడ్డది.

"అవ్వో! సచ్చిన్నో!"

అందరు ఆగిండ్రు. అత్త ఉరికచ్చింది. "పలికిండు! దించుండ్రి, పలికిండు!"

దించిండ్రు. మామ ముక్కుకాడ చెయ్యి పెట్టి సూస్తుంది. ఆ మొఖంల ఆశ సూసి నాకు భూమిల దిగిపోవాలనిపిచ్చింది.

"అత్తా... అది నేనే."

అంగి పక్కకు జరిపి సూపిచ్చిన. అత్త కమిలిన కాడ ముట్టి సూసింది. తిడ్తదనుకున్న.

"సందిచ్చినవా?" అన్నది. "నీ ఫోన్ పెట్టంగనే మీ మామ అన్నడు, 'దొంగ సందిచ్చిండు, అబద్ధమాడుతుండు. పొద్దుగాల పిలువు, కాపడం పెడ్దువు' అని."

ఇగ నాతోని కాలే. బొంగు ఇంకెవరో అందుకున్నరు. నేను ఏడ్సుకుంట ఎనుక నడిసిన.

నిన్న ఉస్తాద్ ఫోన్ చేసిండు. నా గురి బాగనే తగిలిందంట, నౌకరి పక్కా అంట! రేపటి సంది మామ నిలబడ్డ బ్యాంకు ముందు నేను నిలబడాలె. తుపాకి అయితే మోస్త... మామనే మోయలేకపోయిన.