చెయ్యి పడని తివాచీ

ఆవిడకి ముక్కు మీద కోపం అంటే అబద్ధమే అవుతుంది. ముక్కు మీద కళ్ళజోడు ఉండేది. కోపం ఒళ్ళంతా ఉండేది. తివాచీల కొట్టు వెనక గదిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా కూర్చుని, చిరిగినవాటికి మళ్ళీ ముడులు కట్టి బాగుచేస్తున్న మనిషి. అందరూ సూది పిన్ని అనేవాళ్ళు. చేతిలో ఉన్న సూదిని చూసి అన్నారో, నోట్లో ఉన్నదాన్ని చూసి అన్నారో ఎవరూ పైకి చెప్పలేదు. చెప్తే ఊరుకుంటుందా మరి!

టీ చల్లారి వస్తే తెచ్చినవాళ్ళకి ఆ పూట మూడినట్టే. కిటికీ దగ్గర ఎవరైనా నిలబడి వెలుతురుకి అడ్డమొస్తే వాళ్ళ ఏడు తరాలనూ కడిగేసేది. యజమాని అంతటివాడు కూడా ఆ గదిలోకి వచ్చే ముందు గుమ్మం దగ్గర ఒకసారి దగ్గేవాడు. కానీ పాత టర్కీ పట్టు తివాచీ ఒళ్ళోకి వచ్చిందంటే మాత్రం ఆ నోటికి తాళం పడేది.

టర్కీ పట్టు తివాచీ అంటే కాలి కింద పరుచుకునే చాప అనుకుంటున్నారా? వేలిగోరంత చోట వంద ముడులు! ఒక్కో ముడినీ రెండు పడుగు పోగులకి చుట్టి, కొసలు మధ్యలోంచి పైకి లాగి, సమంగా కత్తిరించాలి. ఆ కొసలన్నీ కలిసి నూగులా ఒకే వైపు వాలతాయి. ఆ వాలు వైపు నిలబడితే ఎరుపు లేతగా మెరుస్తుంది. ఎదురు వైపుకి వెళ్ళి చూడండి, అదే ఎరుపు చిక్కబడి నల్లద్రాక్ష రంగుకి దిగుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో అక్కడి నుంచే చూసి మురిసిపోతారు. తెలిసినవాళ్ళు చుట్టూ తిరుగుతారు.

పోయినేడాది అలాంటిదొకటి వచ్చింది. నూరేళ్ళు దాటిన సరుకు. ఎవరో మహానుభావుడు దాని మీద పూలకుండీ పెట్టి, రోజూ శ్రద్ధగా నీళ్ళు పోశాడు. కుండీ తీసేసరికి అంచు పువ్వుల పక్కన అరచేయంత మేర కుళ్ళి మట్టిలా రాలిపోయింది. "వాడి చేతులు పడిపోను" అంటూ సూది పిన్ని దాన్ని చట్రానికి బిగించింది.

ఆరు నెలల పని. పడుగు కొత్త పట్టుతో వేసింది. పైన కట్టే పోగులు మాత్రం అదే వయసున్న మరో పాడైన తివాచీ నుంచి ఒక్కొక్కటే పీకి తెచ్చుకుంది. చాలని రంగులు తనే అద్ది, మేడ మీద ఎండలో పరిచి వెలిసేదాకా కాపలా కాసింది. నెలన్నర కట్టాక ఒకరోజు లేచి ఎదురు వైపు నుంచి చూసుకుంది. ఆ అరచేయి మేర ఒక్కటే తళతళా వెలుగుతోంది! చట్రం తిప్పి పెట్టుకున్న సంగతి మరిచిపోయి నూగు తలకిందులుగా కట్టింది. ఇన్నేళ్ళ అనుభవానికి ఎంత సిగ్గుచేటు! ఎవరికీ చెప్పలేదు. ఒక్కపూటలో మొత్తం విప్పేసి, మర్నాడు మొదటి ముడి దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

అంత పట్టుదల ఎందుకంటే, తోడికోడలి మీద కసి.

తోడికోడలు ఈ గదిలోనే ఈవిడ పక్కన కూర్చుని నాలుగేళ్ళు పని నేర్చుకుంది. తర్వాత చక్కగా చీర మడతలు సర్దుకుని, డబ్బున్నవాళ్ళకి ఏ తివాచీ కొనాలో, ఏది కొనకూడదో సలహా చెప్పే పనిలోకి వెళ్ళింది. వెళ్తే వెళ్ళింది. ఒకరోజు ఇంటిల్లిపాదీ భోజనాలకి కూర్చున్నప్పుడు, అత్తగారి ముందు, మరుదుల ముందు, నవ్వుతూ అనేసింది.

"అక్క కుట్టు గుమ్మంలోంచే కనిపిస్తుంది. నా కళ్ళు కట్టేసినా పట్టేస్తాను."

అందరూ నవ్వారు. సొంత మొగుడు కూడా నవ్వాడు. ఆ నవ్వుకి ఆయన ఆ తర్వాత ఎన్ని రోజులు చప్పిడి కూర తిన్నాడో ఆయనకే తెలుసు. తోడికోడళ్ళకి ఆనాటి నుంచి మాటల్లేవు. పద్నాలుగేళ్ళు. ఒకే ఇంట్లో పెళ్ళి జరిగితే ఒకరు వంటింట్లో ఉంటే మరొకరు పెరట్లో. సూది పిన్నికి దేవుడు ప్రత్యక్షమై ఏం కావాలని అడిగితే, తోడికోడలి నోటితో నీ పని నాకు కనపడలేదు అనిపించమని అడిగి ఉండేది.

ఒక ఉదయం యజమాని గుమ్మం దగ్గర దగ్గాడు.

"పిన్నీ, ఆ టర్కీది ఇవాళ పళ్ళ డాక్టరమ్మ చూడ్డానికి వస్తోంది. తోడుగా మీ తోడికోడల్ని తీసుకొస్తోందట. చెయ్యి పడని సరుకని చెప్పాను. మరమ్మతు మాట నీ నోట్లోంచి వచ్చిందో, నీకూ నాకూ చెల్లు."

"నేనెందుకు చెప్తాను? కళ్ళు కట్టేసినా పట్టేస్తుందిగా మహాతల్లి, పట్టుకోనీ."

వెనక గది గుమ్మానికి వేలాడే తెర వెనక స్టూలు వేసుకుని కూర్చుంది.

తోడికోడలు వచ్చింది. మెడలో భూతద్దం వేలాడుతోంది. ముందు ఒక వైపు నుంచి చూసింది. చెప్పులు విప్పి, చుట్టూ తిరిగి ఎదురు వైపు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. తిరగేసి అంచులన్నీ భూతద్దంతో గాలించింది. మళ్ళీ పరిచి, కళ్ళు మూసుకుని, చెయ్యి తిరగేసి వేళ్ళ వెనక భాగంతో మెల్లిగా నిమురుకుంటూ వచ్చింది. సరిగ్గా ఆ పువ్వుల పక్కకి వచ్చినప్పుడు తెర వెనక ఊపిరి ఆగింది. చెయ్యి ఆగలేదు, దాటిపోయింది.

"చెయ్యి పడలేదు డాక్టర్ గారూ. నేసినది నేసినట్టే ఉంది. కళ్ళు మూసుకుని తీసుకోండి."

బుద్ధి ఉన్న మనిషైతే అక్కడితో కడుపునిండా నవ్వుకుని, వేడి టీ తెప్పించుకుని తాగేది. మన పిన్నికి బుద్ధి ఎక్కడిది? గెలిచిన సంగతి ఓడినావిడకి తెలియకపోతే అదేం గెలుపు? తెర లాగి పారేసి బయటికి వచ్చింది. డాక్టరమ్మకి న్యాయం చేద్దామని కాదు, అలాంటి మంచితనాలు అంటగట్టకండి. కడుపుమంట, అంతే.

"ఇదిగో, ఇక్కడ! ఈ పువ్వుల పక్కన అరచేయి మేర నేను కట్టాను. ఆరు నెలలు కట్టాను. కళ్ళు కట్టేసినా పడతానన్నావే, తెరిచి కూడా పట్టలేకపోయావు!"

యజమాని ముఖం సున్నం కొట్టినట్టయింది. అయినా వ్యాపారి కదా, వెంటనే తేరుకున్నాడు.

"ఏమీ అనుకోకండి డాక్టర్ గారూ. వీళ్ళిద్దరికీ ఇంట్లో గొడవలు. ఆవిడని సాధించడానికి ఏదో వాగుతోంది."

తోడికోడలు వంగి, వేలు పెట్టిన చోట భూతద్దం ఆనించింది. చాలాసేపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. నిజం ఒప్పుకుంటే ఇప్పుడే చెప్పిన మాట ఏమవుతుంది? రేపటి నుంచి ఎవరు పిలుస్తారు?

"పాత ముడులే అక్కా. నా మీద కోపం ఉంటే ఇంటి దగ్గర తీర్చుకో. నా పొట్ట కొట్టకు."

"పాత ముడులా? నీ కళ్ళలో మన్ను పడ!"

పళ్ళ డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. రోజూ నోళ్ళు తెరిపించే మనిషి, ఆవిడకి విసుగొచ్చింది.

"గొడవెందుకు? మీరు కట్టిందైతే కింద పడుగు కొత్తది ఉండాలి కదా. నాలుగు ముడులు విప్పి చూపించండి. లేదంటే నేను ఈవిడ మాటే నమ్ముతాను."

"విప్పు అక్కా," అంది తోడికోడలు.

సూది పిన్ని బొడ్లోంచి చిన్న కత్తెర తీసింది. మోకాళ్ళ మీద కూర్చుంది. నాలుగు ముడులు తెగితే చాలు, కింద తెల్లటి పడుగు పళ్ళికిలించి సాక్ష్యం చెప్తుంది. కత్తెర మొన నూగులోకి దిగింది. అంచు దగ్గరి ఆ ఆకుకి సరిపోయే పచ్చరంగు కోసం మేడ మీద పదకొండు రోజులు ఎండలో కూర్చుంది. పక్కవాటితో ఎంత చక్కగా కలిసిపోయింది! తనకే ఎక్కడ మొదలో ఎక్కడ చివరో ఒక్క క్షణం తెలియలేదు. చెయ్యి కదల్లేదు. ఎంత తిట్టుకున్నా కదల్లేదు. ముసలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటి మీద కూడా కోపమొచ్చింది.

కత్తెర మూసి లేచింది.

"నేను కట్టలేదు. పొండి."

డాక్టరమ్మ తలాడించి, చుట్టించమంది. యజమాని గుమ్మం వైపు వేలు చూపించాడు. మాటన్నాక మాటే, ఇరవై ఎనిమిదేళ్ళు పని చేసినా సరే.

వెనక గదిలో సూదుల పెట్టె సర్దుకుంటుంటే తోడికోడలు వచ్చింది. చుట్టి నిలబెట్టిన తివాచీల మధ్య ఇరుక్కుని నిలబడి, తెర వైపు ఒకసారి చూసుకుని, గొంతు తగ్గించింది.

"నాకు కనపడలేదు అక్కా. నువ్వు వేలు పెట్టి చూపించినా కనపడలేదు."

"ఆ మాట బయటికొచ్చి వాళ్ళ ముందు చెప్పు."

"చెప్పను."

"నాకు తెలుసు. నువ్వు చెప్పవు."

పెట్టె మూత బిగించింది. గది ఒకసారి చుట్టూ చూసింది. చట్రం, కిటికీ, స్టూలు. తర్వాత తోడికోడలి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమన్నావో వినపడలేదు. మళ్ళీ అను."

"నాకు కనపడలేదు అక్కా."

"ఇంకోసారి."

తోడికోడలు మూడోసారి కూడా అంది. ఆ గొంతులో ఉన్నది ఏడుపో కోపమో ఆవిడకే తెలియాలి. మూడోసారి కూడా అంది.

"ఇక అడ్డం లే," అంది సూది పిన్ని, పెట్టె చంకలో పెట్టుకుని.