నాగమ్మ మీద వేసిన నింద

సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం, తిరుమణిలోని మా ఇల్లు. ఉన్నవారు: రిటైరైన ఉపాధ్యాయుడినైన నేను, నా భార్య, పక్కింటి నాగమ్మ.

చనిపోయిన భర్త పాడిన భజనల సీడీ ఒక్కటే నాగమ్మకు మిగిలింది. వినిపించమని తెచ్చింది. నా కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. ఇరుగుపొరుగు వాళ్ళు నా ఫైళ్ళు కదిలించకూడదని వాళ్ళకు వేరే లాగిన్ పెట్టాను. అందులో సీడీ తెరుచుకోలేదు. తెర మీద వచ్చిన ఇంగ్లీషు వాక్యం పూర్తిగా చదవకుండానే, “కొంగుతో తుడిచి గీతలు పడేసినావు. ఇంగ పలకదు,” అని కసిరాను.

“నేను తుడవనే లేదు సారూ!”

“ఇంగో తూరి చూడండి,” అని నా భార్య అన్నా వినలేదు.

నాగమ్మ కళ్ళు ఒత్తుకుంది. “ఆయప్ప ఉన్నన్నాళ్ళూ సజ్జచేలో పిట్టలు తోలినాడు. పలకకుంటే పోనీ, ఈ సీడీ అన్నా ఆడ తళతళమని పిట్టలు తోలనీ,” అంటూ దాన్ని తీసుకుని వెళ్ళిపోయింది.

మరునాడు ఉదయం అదే లాగిన్‌లో నా సొంత సీడీ వేసినా అదే వాక్యం వచ్చింది. ఈసారి చదివాను. ఆ లాగిన్‌కు సీడీ డ్రైవ్ వాడే అనుమతి లేదట. ఇవ్వడం మరిచింది నేనే. సోలార్ పార్కు కంచె పక్కనున్న ఆమె చేనికి పరుగెత్తాను. కర్రకు కట్టిన సీడీ గాలికి ఊగుతూ కంచె ముళ్ళతీగకు రాసుకుంటోంది. ఇంటికి తెచ్చి, అనుమతి ఇచ్చి, ఆమెను కూర్చోబెట్టి వేశాను. ఒక పాట సగం వరకే పలికింది.

“గీతలు నువ్వు తెచ్చినప్పుడు లేవు నాగమ్మా, ముళ్ళతీగకు రాసుకొని పడినాయి. తప్పు నాది,” అన్నాను, తలెత్తకుండా.

“ఆ సగమే ఇంగో తూరి పెట్టు సారూ,” అంది.