వెనక్కి చూడమని నా కూతురికి చెప్పిన రోజులు

మా ఊరికి అల్లూరు ఆరు కిలోమీటర్లు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే చిన్న ల్యాబులో నాకు ఉద్యోగం. ల్యాబూ, నా కూతురి బడీ రెండూ అల్లూరులోనే కాబట్టి పొద్దున్నే ఇద్దరం మోటార్ సైకిల్ మీద కలిసి బయలుదేరేవాళ్లం. అప్పుడు తను మూడో తరగతి.

కోతల రోజుల్లో మా రోడ్డు సగం వడ్లతో నిండిపోతుంది. పట్టలు పరిచి ధాన్యం ఆరబోస్తారు. బండ్లు పైకెక్కకుండా అంచుల వెంట రాళ్లు పెడతారు. బడికి సెలవైన ఒకరోజు నేనొక్కడినే వెళ్తున్నాను. ఒక ముసలాయన పట్ట అంచున గొంతుక్కూర్చుని వడ్లు ఎగదోస్తున్నాడు. ఆయన్ని దాటుతుండగా వెనక చక్రం రాయెక్కి దిగింది. బండి సర్దుకుని ముందుకు పోయాను. అల్లూరు పొలిమేర చేరేసరికి మనసులో ఒక మాట పడింది. అది రాయి కాదు, ఆయన కాలు. ఇంకో నిమిషానికి కాలు కాస్తా తల అయింది. వడ్ల మీద నెత్తురు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

బండి తిప్పాను. ముసలాయన ఇప్పుడు లేచి నిలబడి కాళ్లతో వడ్లు తిరగేస్తున్నాడు. ఏమన్నా పోగొట్టుకున్నావా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ప్రాణం లేచొచ్చింది.

అక్కడితో అయిపోవాల్సింది. మర్నాడు స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరినప్పుడు అదే ఆలోచన వచ్చింది. వెనక్కి వెళ్లి చూస్తే ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడంతో ఇంకా భయం వేసింది. దెబ్బ తగిలినవాణ్ణి అప్పుడే ఆస్పత్రికి ఎత్తుకుపోయారేమో, కాలవలో పడ్డాడేమో అనిపించి, తూటికాడ మొక్కలు పక్కకు తప్పించి చూశాను. కొన్నాళ్లకు ఒక్కో గుంట దగ్గరా రెండుసార్లు, మూడుసార్లు తిరిగి వెళ్లడం మొదలైంది. పేపర్లో జిల్లా పేజీ తీసి ప్రమాదాల వార్తలే చదివేవాణ్ణి. ల్యాబుకు ఆలస్యంగా వెళ్తే బండి మొరాయించిందని అబద్ధం చెప్పేవాణ్ణి. నా మటుకు నేను హంతకుణ్ణి. ఇంకా దొరకలేదు, అంతే.

ఇదంతా ఒక ఎత్తు. ఆ తర్వాత నేను చేసిన పని ఒక ఎత్తు.

పాపను బడికి తీసుకెళ్లేటప్పుడు తిరిగి తిరిగి చూసి రావడానికి సమయం చాలేది కాదు. అందుకని ఒకరోజు బండి ఆపకుండానే, వెనక ఎవరన్నా పడ్డారేమో చూడమ్మా అన్నాను. తిరిగి చూసి, ఎవురూ పడలేదు నాన్నా అంది. ఎంత హాయి అనిపించిందో. ఆ హాయి కోసం మర్నాడు మళ్లీ అడిగాను. వారం తిరిగేసరికి ప్రతి కుదుపుకూ అడుగుతున్నాను. సరిగ్గా చూశావా, చెట్టు వెనక చూశావా, ఒట్టు వెయ్యి అని కూడా అన్నాను. ఎందుకు నాన్నా అని ఒకసారి అడిగింది. ఇది మనిద్దరి ఆట, అమ్మకు చెప్పొద్దు అన్నాను.

ఆట అన్నాను.

తర్వాత్తర్వాత అడగాల్సిన పని కూడా లేకపోయింది. బండి కుదిపితే చాలు, పాప మెడ తిప్పి చూసి, ఎవురికీ తగల్లేదు నాన్నా అని తనే చెప్పేది. అద్దంలో ఆ చిన్న మెడ తిరగడం నాకు కనిపిస్తూనే ఉండేది. నేను మాత్రం ఆ మాట విని ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

వానాకాలంలో ఒకరోజు టీచరమ్మ మా ఆవిడకు ఫోన్ చేసింది. పాప ఆటల పీరియడ్‌లో పరిగెత్తడం లేదనీ, ఎవరినన్నా తోసేస్తానేమోనని గోడ పక్కనే నిలబడుతోందనీ చెప్పింది. నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ పాపను పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతోంది. పాప నా వైపు ఒకసారి చూసి, తలొంచుకుని చెప్పింది.

"నేను సరిగ్గా చూడకపోతే ఎవురన్నా చచ్చిపోతారు. అప్పుడు నాన్నను పోలీసోళ్లు తీసకపోతారు."

పోలీసుల మాట నేనెప్పుడూ పైకి అనలేదు. నా మొహంలో చదువుకుంది.

మా ఆవిడ అరవలేదు. పాపను పక్కింటికి పంపి, వచ్చి నా ముందు కూర్చుంది. జరిగిందంతా చెప్పాను.

"ఆ బిడ్డ చేత మోయించినారే, నాకెందుకు చెప్పలా?"

చెప్తే పిచ్చివాడంటావని భయపడ్డాను అన్నాను. అది నిజమే, కానీ సగమే. పాప నాకు ఎదురు చెప్పదని తెలియడం మిగతా సగం.

ఆ వారమే ఇద్దరం నెల్లూరులో మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. నేనెవరినో చంపి ఉండొచ్చు అని మొదలుపెట్టాను. ఆవిడ బెదరలేదు. ఎన్నిసార్లు వెనక్కి వెళ్లానో, ఎన్నిసార్లు మనిషి దొరికాడో అడిగింది. దీన్ని ఓసీడీ అంటారనీ, మందులున్నాయనీ చెప్పింది. అలాంటి ఆలోచన రావడం నా తప్పు కాదనీ, వచ్చినప్పుడల్లా తిరిగి వెళ్లి చూడటం వల్లే దానికి బలం పెరుగుతోందనీ వివరించింది. ఆలోచనను తరమొద్దు, దానితో వాదించొద్దు, అది అలాగే ఉండగానే బండి నడపమంది. మా ఆవిడకు కూడా ఒక పని చెప్పింది. ఎవరికీ తగల్లేదు కదా అని నేనడిగితే జవాబు ఇవ్వకూడదు.

మరి పాప సంగతి అని అడిగాను.

"ఆలోచనలు మీ తప్పు కాదు. పాపకు మాత్రం మీరే చెప్పాలి," అంది.

ఆదివారం పొద్దున చెప్పాను. అది ఆట కాదమ్మా, నాన్నకు ఒక జబ్బు ఉంది, నిన్ను చూడమనడం నాన్న చేసిన తప్పు, ఇంక నువ్వు చూడక్కర్లేదు అన్నాను. సంతోషిస్తుందో ఏడుస్తుందో అనుకున్నాను. కళ్లు పెద్దవి చేసి అడిగింది.

"నేను బాగా చూళ్లేదా నాన్నా?"



తిరిగి చూడకుండా వెళ్లిన మొదటి రోజు నాకు బాగా గుర్తు. స్పీడ్ బ్రేకర్ దాటగానే, తగిలింది అన్న మాట పడింది. తగిలిందేమో, నాకు తెలియదు అనుకుని ముందుకే పోయాను. ల్యాబులో నీళ్ల సీసాల మీద చెరువుల నంబర్లు రాస్తుంటే అంకెలు వంకర పోయాయి. మధ్యాహ్నం క్యారియర్ విప్పేవరకూ భయం అలాగే ఉంది. తర్వాత, నేనేమీ చెయ్యకుండానే, కొంచెం తగ్గింది. అన్ని రోజులూ అలా జరగలేదు. రెండు నెలల తర్వాత ఒకరోజు ఓడిపోయి బండి తిప్పాను. ఇంకో రోజు మా ఆవిణ్ణి అడిగితే, దానికి నేను జవాబు చెప్పను, చేతులు కడుక్కుని రండి అంది. ఆ రాత్రి ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే, అలా చెప్పడానికి ఆమె ఎంత కష్టపడిందో తెలుస్తోంది.

పాపను కూడా డాక్టరమ్మకు చూపించాం. అయినా చాలా నెలలు బండి కుదిపినప్పుడల్లా పాప మెడ తనంతట తనే తిరిగేది. నేను అద్దంలో చూసి కూడా ఏమీ అనేవాణ్ణి కాదు. కొన్నాళ్లకు సగం తిరిగి ఆగడం మొదలైంది. ఎప్పుడు పూర్తిగా మానేసిందో నాకు తెలియదు.

ఇప్పుడు తను ఏడో తరగతి. ఖోఖో ఆడుతుంది. నేను మందులు తగ్గించిన మోతాదులో వేసుకుంటున్నాను. ఆలోచనలు ఇప్పటికీ వస్తాయి. ఇప్పుడు వేరేవి కూడా వస్తున్నాయి. ఆ పిల్ల మనసు పాడు చేశానేమో, పెద్దయ్యాక తనకూ ఈ జబ్బు వస్తే అది నా వల్లేనేమో అని. అవి వచ్చినప్పుడల్లా పాపను పిలిచి క్షమించమని అడిగేవాణ్ణి. ఇదీ వెనక్కి వెళ్లి చూడటం లాంటిదేనని నెల్లూరు డాక్టరమ్మ చెప్పేదాకా గ్రహించలేదు.

మొన్నొక సాయంత్రం ఇద్దరం కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాం. ఆ రోజుల్లో నేను నిన్ను, అంటూ మొదలుపెట్టాను.

"చెప్పినావు గదా నాన్నా. ఎన్నిసార్లు చెప్తావు?"

విసుక్కోలేదు, మామూలుగానే అంది. ఇంకో గుప్పెడు కాయలు నా ముందుకు తోసింది. క్షమించావా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. కాయలు ఒలుస్తూ కూర్చున్నాను.